వాషింగ్టను అను ఇంటిపేరు

మీ ఇంటిపేరు ఎక్కడినుండి వచ్చినదని ఎవరైన అడిగినచో మనలో పెక్కుమంది ఒక ఊరిపేరు చెప్పుదురు. కందుకూరివారి పూర్వులు ఏ ఊరివారో, గురజాడవారి పూర్వులు ఏ ఊరివారో వేరుగా చెప్పనక్కరలేదు. ఆ ఊరు విడిచి ఎన్ని తరములు గడచినను, దాని పొలిమేరనైన మనము చూడకపోయినను, పేరు మాత్రము మన వెంట వచ్చును. నేడు నేను ప్రస్తావింపబోవు అమెరికా పేరు కూడ మొదట ఒక ఊరిపేరే. ఇంగ్లండు ఉత్తర భాగమున, పూర్వపు డర్హము మండలములో, వాషింగ్టను అను ఊరు కలదు. 12వ శతాబ్దమున విలియము అను ఒక ప్రభువు ఆ ఊరి భూములు సంపాదించి, తన వెనుకటి పేరు విడిచి, ఆ ఊరిపేరునే తన పేరుగా చేసికొనెను. అతని వంశమువాడైన జాను వాషింగ్టను 1650ల చివర అట్లాంటికు మహాసముద్రము దాటి వర్జీనియాలో స్థిరపడి, పొగాకు తోటలకు యజమాని ఆయెను. ఆ జాను మునిమనుమడే అమెరికా సంయుక్త రాష్ట్రముల మొదటి అధ్యక్షుడైన జార్జి వాషింగ్టను.

ఇది చాలమంది ఎరిగిన కథయే. ఆ పేరు ఒక మహానగరమునకు, ఒక రాష్ట్రమునకు, లెక్కలేనన్ని వీధులకును పాఠశాలలకును ఉన్నది. కాని శ్రోతలలో ఎందరో ఎరుగని విషయమొకటి చెప్పెదను. 2000 సంవత్సరపు జనాభా లెక్కలలో ఆ దేశమున వాషింగ్టను అను ఇంటిపేరు గలవారు 1,63,036 మంది. వారిలో నూటికి సుమారు తొంబదిమంది నల్లజాతివారు. అనగా, వారిలో అత్యధికులు పూర్వము బానిసలుగా బ్రదికినవారి వారసులు. అచట బహుళముగా వినబడు ఇంటిపేర్లలో ఇంతటి నిష్పత్తి మరి యే పేరునకును లేదు. రాజ్యస్థాపకుని పేరు ఆ రాజ్యములో పౌరసత్వమే లేక బ్రదికినవారి బిడ్డలకు ఎట్లు వచ్చెను? వచ్చిన పేరును వారేమి చేసిరి?

ముందుగా జార్జి వాషింగ్టను ఇంటిలోనికి తొంగిచూతము. ఆయనకు సంతానము లేదు. 1759లో ఆయన మార్తా కస్టిసు అను వితంతువును వివాహమాడెను. ఆమెకు మొదటి భర్తవలన కలిగిన ఇద్దరు బిడ్డలను, తరువాత ఆమె మనుమలలో ఇద్దరిని, ఆయన తన యింట ప్రేమతో పెంచెను. కాని వారందరును కస్టిసులే. ఆయన సోదరుల వంశములు వాషింగ్టను పేరుతో సాగిన మాట నిజమే గాని, ఆయన నుండి ఆ పేరు పుచ్చుకొన్న కొడుకు లేడు. అధ్యక్షుడు రాజు కాదలచుచున్నాడని శంకించువారికి ఇది మంచి సమాధానమే ఆయెను: సింహాసనము ఎక్కించుటకు కుమారుడు ఉండవలెను గదా!

బిడ్డలు లేని ఆ యింట మనుష్యులకు మాత్రము కొరత లేదు. తండ్రి మరణించునాటికి జార్జికి 11 ఏండ్లు. వారసత్వముగా వచ్చిన ఆస్తిలో భూమితోపాటు పదిమంది బానిసలు ఉండిరి. పదునొకండేండ్ల బాలుడు పదిమంది మనుష్యులకు యజమాని ఆయెను. 1799లో, మరణమునకు కొలది నెలల ముందు, తన మౌంటు వెర్నను క్షేత్రములోని బానిసల పట్టికను ఆయన స్వహస్తముతో వ్రాసెను. మొత్తము 317 మంది. అందు 123 మంది ఆయన సొంతము. 153 మంది మార్తా మొదటి భర్త ఆస్తికి చెందినవారు. తక్కినవారు దాదాపు అందరును పొరుగువారినుండి అద్దెకు తెచ్చుకొనబడినవారు. ఎవరు వడ్రంగి, ఎవరు కమ్మరి, ఎవరు పొలము పనివారు, ఎవరి భార్య ఏ పొలములో ఉన్నది అను వివరములు ఆ పట్టికలో ఉన్నవి. ఇంటిపేర్లు మాత్రము ఇంచుమించుగా లేవు.

ఆ సంవత్సరమే జూలైలో వ్రాసిన మరణశాసనమున, తన సొంత బానిసలు మార్తా మరణానంతరము విముక్తి పొందవలెనని ఆయన శాసించెను. యుద్ధకాలమంతయు తన వెంట గుఱ్ఱముపై తిరిగిన విలియము లీ అను సేవకుని మాత్రము తక్షణమే విడుదల చేసి, యేటికి 30 డాలర్ల భరణము ఏర్పరచెను. ఆ దేశమును స్థాపించిన ప్రముఖులలో బానిసలు గల పెక్కుమంది ఈ మాత్రమును చేయలేదు. అయినను ఆ శాసనమున ఒక చిక్కు ఉన్నది. ఒక యిల్లాలి మరణముపై నూటఇరువదిమంది స్వేచ్ఛ ఆధారపడినచో ఆ యిల్లాలికి నిద్ర పట్టునా? మార్తా భయముతో కాలము గడుపుచున్నదని, ఆమెను చూచి వచ్చిన రెండవ అధ్యక్షుని భార్య అబిగెయిలు ఆడమ్సు ఒక లేఖలో వ్రాసెను. తుదకు 1801 జనవరి 1వ తేదీన మార్తా వారిని తానే విడుదల చేసెను. కస్టిసు ఆస్తికి చెందిన 153 మందిని విడుదల చేయు హక్కు చట్టప్రకారము భార్యకుగాని భర్తకుగాని లేదు. వారు 1802లో ఆమె మరణించిన పిమ్మట మనుమలకు పంచబడిరి. భర్త ఒక పక్షమునకు, భార్య వేరొక పక్షమునకు చెందిన కుటుంబములు ఎన్నియో ఉండెను. అట్టి యిండ్లలో తండ్రి స్వతంత్రుడై నిలిచియుండగా తల్లియు బిడ్డలును వేరొక తోటకు తరలిపోయిరి.

మౌంటు వెర్నను గృహము జార్జి వాషింగ్టను అన్నకొడుకు కాదు, తమ్ముని కొడుకైన బుష్రాడు వాషింగ్టనునకు సంక్రమించెను. ఈయన 31 సంవత్సరములు అమెరికా సుప్రీం కోర్టున న్యాయమూర్తి. పెదతండ్రి పేరు, పెదతండ్రి ఇల్లు దక్కినవి. పెదతండ్రి కడపటి బుద్ధి మాత్రము దక్కలేదని నాకు తోచును. 1821లో ఈయన 54 మంది బానిసలను లూసియానావారికి విక్రయించెను. పత్రికలు ఆక్షేపించగా, తన ఆస్తిని తాను అమ్ముకొనుటకు తనకు హక్కు కలదని బహిరంగముగా సమాధానము వ్రాసెను. విచిత్రమేమనగా ఈయనకును బిడ్డలు లేరు.

ఇక బానిసల ఇంటిపేర్ల సంగతి. యజమానుల లెక్కల పుస్తకములలో వారు కేవలము జాకు, శాలీ, హారీ. కాని యజమాని వ్రాయనంత మాత్రమున పేరు లేదని అనుకొనరాదు. గుడిసెలలో తమలో తాము వాడుకొను ఇంటిపేర్లు పెక్కు కుటుంబములకు ఉండెడివని చరిత్రకారులు నిరూపించిరి. 1865లో అంతర్యుద్ధము ముగిసి అందరును విముక్తులైనప్పుడు, కూలి లెక్కలో వ్రాయుటకు, సైన్యపు పింఛను పొందుటకు, బడిలో చేరుటకు ఇంటిపేరు బహిరంగముగా చెప్పవలసివచ్చెను. కొందరు తమ పాత పేరును వెలికి తీసిరి. కొందరు యజమాని పేరు నిలుపుకొనిరి. వాషింగ్టను వంశపు శాఖలవారికి తోటలు అనేకము ఉండెను గదా. మరి కొందరు స్వేచ్ఛకు గుర్తుగా ఒక గొప్ప పేరు ఎన్నుకొనిరి. ఎవరు ఏ కారణమున ఎన్నుకొనిరో లెక్క ఎవరును వ్రాయలేదు. అందుచేత ఇది కేవలము జార్జి వాషింగ్టనుపై భక్తి అనియు, కేవలము బానిసత్వపు ముద్ర అనియు అనుటకు వీలులేదు.

విముక్తికి ఎంతో ముందే ఆ పేరు ధరించిన యొకనిని ఇచట తలచుకొనవలెను. హారీ అనునతడు ఆఫ్రికాలోని గాంబియా ప్రాంతమున జన్మించెను. 1763లో జార్జి వాషింగ్టను అతనిని కొనెను. బ్రిటిషు రాజుపై యజమాని కత్తి దూసిన కాలముననే, హారీ యజమానిని విడిచి బ్రిటిషువారిలో చేరెను; తమ పక్షమునకు వచ్చిన బానిసలకు వారు స్వేచ్ఛ వాగ్దానము చేసియుండిరి. యుద్ధము ముగిసిన 1783లో న్యూయార్కునుండి ఓడ ఎక్కినవారి పట్టికలో అతని పేరు హారీ వాషింగ్టను, వయస్సు 43. అక్కడినుండి కెనడా తీరమున నోవా స్కోషియా. 1792లో ఆఫ్రికాలోని సియెర్రా లియోను. అచట పాలన చేయు కంపెనీ విముక్తుల భూములపై పన్ను విధించెను. 1800లో కొందరు తిరుగబడిరి. తిరుగబడినవారిలో హారీ వాషింగ్టను ఒకడు. పట్టుబడి దేశబహిష్కారము పొందెను. పన్నుల విషయమున బ్రిటిషు ప్రభుత్వముపై తిరుగబడిన యజమాని జాతిపిత ఆయెను. అట్టి కారణముననే తిరుగబడిన సేవకుని పేరు పాఠ్యపుస్తకములకు ఎక్కలేదు.

ఆ పేరును రెండవసారి లోకప్రసిద్ధము చేసినవాడు బుకరు టి. వాషింగ్టను. ఈయన 1856లో వర్జీనియాలో ఒక చిన్న పొగాకు క్షేత్రమున వంటమనిషియైన జేను అను బానిస స్త్రీకి జన్మించెను. తండ్రి ఎవరో తెల్లవాడని మాత్రమే ఎరుగును. తొమ్మిదవ యేట విముక్తి వచ్చినది. తల్లి బిడ్డలతో కొండలు దాటి, పడమటి వర్జీనియాలోని మాల్డెను అను ఊర ఉప్పు బట్టీలలో పనిచేయు భర్తను చేరెను. సవతి తండ్రి ఈ బాలుని కూడ బట్టీకి పంపెను. సవతి తండ్రి నింపిన ఉప్పు పీపాలపై 18 అను అంకె వేయుదురు. ఆ అంకెయే ఈయన మొదట నేర్చిన అక్షరము.

కొంతకాలమునకు బడికి పోవు అవకాశము దొరికెను. ఉపాధ్యాయుడు హాజరు పిలుచుచున్నాడు. తక్కిన బిడ్డలు ఒక్కొక్కరును రెండేసి పేర్లు చెప్పుచున్నారు. కొందరు మూడు కూడ చెప్పుచున్నారు. ఈ బాలునకు ఉన్నది బుకరు అను ఒక్క పేరే. తన వంతు వచ్చులోపల ఆలోచించి, పిలిచినప్పుడు, పుట్టినది మొదలు అదే తన పేరైనట్లు ‘బుకరు వాషింగ్టను’ అని నిబ్బరముగా చెప్పెను. సవతి తండ్రి పేరు వాషింగ్టను ఫెర్గూసను. ఆయన పేరులోని మొదటి ముక్క బాలునకు ఇంటిపేరు ఆయెను. ఇది అధ్యక్షుని తలచుకొని చెప్పిన పేరో, సవతి తండ్రిని తలచుకొని చెప్పిన పేరో ఆయన స్వీయచరిత్రలో ఎక్కడను స్పష్టము చేయలేదు. పుట్టినప్పుడు తాను పెట్టిన పేరు బుకరు టాలియఫెర్రో అని తల్లి తరువాత చెప్పగా, ఆ మాటను మధ్యలో చేర్చుకొనెను. ఇంటిపేరు మనకు పుట్టుకతో వచ్చును. దానికై ఎవరును ప్రయాసపడరు. హాజరు పట్టికలో తన వంతు వచ్చులోపల ఇంటిపేరు సంపాదించుకొనవలసిన బాలుని హృదయము ఎట్లు కొట్టుకొనియుండునో ఊహింపవలసినదే.

1872లో, పదునారేండ్ల ప్రాయమున, హాంప్టను విద్యాలయమున చేరుటకు సుమారు 500 మైళ్లు ప్రయాణమై పోయెను. కొంత బండి, కొంత నడక. రిచ్మండు నగరము చేరుసరికి చేతిలో కాసు లేదు. వీధిప్రక్కన చెక్కలు పరచిన కాలిబాట క్రింద దూరి పండుకొనెను. పగలు ఓడనుండి సరకు దింపి కూలి సంపాదించెను. మాసిన బట్టలతో వచ్చిన ఈ పిల్లవానిని చేర్చుకొనవలెనా వద్దా అని విద్యాలయపు ఉపాధ్యాయిని సందేహించి, ప్రక్కగదిని ఊడ్వుమని చీపురు చేతికిచ్చెను. ఆయన ఆ గదిని మూడు సార్లు ఊడ్చి, నాలుగు సార్లు గుడ్డతో తుడిచెను. ఆమె వచ్చి తన చేతిరుమాలుతో గోడలను, బల్లలను రాచి చూచెను, ధూళి అంటలేదు. అదే ప్రవేశపరీక్ష!

1881 జూలై 4వ తేదీన, ఇరువదియైదేండ్ల వయస్సులో, ఆలబామా రాష్ట్రమున టస్కీగీ అను చిన్న పట్టణములో 30 మంది విద్యార్థులతో ఆయన పాఠశాల తెరచెను. కురిసెడి పాకయే మొదటి బడి. కట్టడములకు ఇటుకలు కావలెను. కొనుటకు ధనము లేదు. విద్యార్థులతోనే ఇటుకలు చేయించెను. మొదటి బట్టీ చెడెను. రెండవది చెడెను. మూడవది దాదాపు కాలి, తుదిలో కూలెను. ఆయన తన గడియారమును తాకట్టుపెట్టి 15 డాలర్లు తెచ్చి నాలుగవ బట్టీ పేర్చెను. అది కాలెను. ఆ గడియారమును మరల విడిపించుకొనలేకపోయెను. మట్టి మోయుటకు చదువుకొనవలెనా అని విసుగుకొని బడి విడిచిన విద్యార్థులును ఉండిరి. క్రమక్రమముగా ఊరిలోని తెల్లవారే ఇటుకలకై ఆ పాఠశాలకు రాసాగిరి. 1896లో అచట చేరిన వ్యవసాయ శాస్త్రజ్ఞుడు, వేరుసెనగ పరిశోధనలకు పేరొందినవాడు, జార్జి వాషింగ్టను కార్వరు. ఆయన ఇంటిపేరు కార్వరే గాని, అక్కడ కూడ మధ్యలో మన పేరు తగిలినది.

1895లో అట్లాంటా నగరమున బుకరు వాషింగ్టను చేసిన యుపన్యాసము ఆయనకు గొప్ప కీర్తిని, గొప్ప వివాదమును తెచ్చెను. నల్లజాతివారు ముందు పని నేర్చి, ఆస్తి సంపాదించి, సమాజములో నిలదొక్కుకొనవలెను. సమానత్వము కొరకు ఇప్పుడే పోరాడుట తెలివి కాదు అని దాని తాత్పర్యము. తెల్లవారు హర్షధ్వానములు చేసిరి. 1903లో డూ బోయిసు అను యువ పండితుడు దీనిని తీవ్రముగా విమర్శించెను: ఓటు లేనివాని ఆస్తిని ఎవరు కాపాడుదురు? ఈ ప్రశ్న సమంజసమైనది. 1901లోనే ఆలబామా రాజ్యాంగము నల్లజాతివారి ఓటు హక్కును ఇంచుమించుగా తుడిచిపెట్టెను. అదే సంవత్సరము అధ్యక్షుడు థియోడరు రూజ్వెల్టు ఈయనను శ్వేతసౌధమునకు భోజనమునకు పిలువగా, దక్షిణ రాష్ట్రముల పత్రికలు మండిపడెను. సహనము ఎంత చూపినను గౌరవము లభింపలేదని అర్థము. అయినను ఆయనను పిరికివాడని కొట్టివేయుట తగదు. ఓటు హక్కు వ్యాజ్యములకు ఆయన రహస్యముగా ధనము పంపుచుండెనని ఆయన మరణించిన పెక్కేండ్లకు ఉత్తరములవలన తెలియవచ్చెను. బయట ఒక మాట, లోపల వేరొక పని. ఇది గొప్పతనమో, నిస్సహాయతయో, శ్రోతలే నిర్ణయింపవలెను. నా మట్టుకు నాకు రెండును కలవనియే తోచును.

మన దేశమునకు ఈయన అంత దూరపువాడు కాడు. దక్షిణాఫ్రికాలో ఉన్నప్పుడు గాంధీగారు 1903లో తమ ‘ఇండియన్ ఒపీనియన్’ పత్రికలో బానిసత్వమునుండి కళాశాలాధ్యక్ష పదవికి ఎదిగిన ఈయన జీవితమును గూర్చి భారతీయులకు చెప్పిరి. 1915లో మరణించునాటికి టస్కీగీలో విద్యార్థులు 1,500 మందికి పైగా ఉండిరి.

తరువాతి తరములవారిని గూర్చి కొంత త్వరితముగా చెప్పవలసియున్నది. కెన్నీ వాషింగ్టను లాసు ఏంజెలెసు నగరపు ఫుట్‌బాల్ ఆటగాడు. 1934 మొదలు పండ్రెండేండ్లు జాతీయ ఫుట్‌బాల్ సంఘపు జట్లలో నల్లజాతివాడొక్కడును లేడు. 1946లో ఒక జట్టు ఆ నగరమునకు తరలివచ్చి ప్రజాధనముతో కట్టిన క్రీడామైదానము అడుగగా, అందరి పన్నులతో కట్టిన మైదానమున కొందరికే ప్రవేశమా అని స్థానికులు నిలదీసిరి. జట్టు కెన్నీని చేర్చుకొనక తప్పలేదు. అప్పటికే ఆయన మోకాళ్లు దెబ్బతినియుండెను. మంచి యౌవనము నిషేధము పాలైనది.

రేడియోలో పనిచేయువాడను గనుక డైనా వాషింగ్టను విషయమున కొంత పక్షపాతము చూపినచో శ్రోతలు మన్నింతురు గాక. ఈ గాయని అసలు పేరు రూతు జోన్సు. 1924లో ఆలబామాలో పుట్టి, చికాగోలో పెరిగి, చర్చి గీతములతో గొంతు సవరించుకొనెను. ఇరువది యేండ్లు నిండకముందే రంగస్థలమునకు ఎక్కినప్పుడు వాషింగ్టను అను పేరు తగిలించుకొనెను. అనగా ఆమెకు ఆ పేరు ఏ తాతనుండియు రాలేదు. వినుటకు బాగుండుటచే వచ్చెను. ప్రతి మాటను అక్షరము పొల్లుపోకుండ పలుకుట ఆమె ప్రత్యేకత. మైక్రోఫోను ముందు కూర్చుండు మావంటివారు ఆ ఉచ్చారణను విని నేర్చుకొనదగును. 1963 డిసెంబరు 14వ తేదీన, 39 యేండ్లకే, ఆమె మరణించెను. జార్జి వాషింగ్టను మరణించినదియు డిసెంబరు 14వ తేదీయే. ఇది కేవలము కాకతాళీయము.

హెరాల్డు వాషింగ్టను 1983లో చికాగో నగరమునకు మేయరుగా ఎన్నికైన మొదటి నల్లజాతివాడు. గెలుపు స్వల్పమైన ఆధిక్యముతోనే. నగరసభలో 50 మంది సభ్యులకు 29 మంది ఆయనకు ఎదురు నిలిచిరి. మూడేండ్లు ప్రతి నియామకమునకు, ప్రతి ఖర్చునకు కలహమే. వార్డుల సరిహద్దులు న్యాయముగా లేవని న్యాయస్థానము తీర్పు చెప్పగా, 1986లో కొన్ని వార్డులలో మరల ఎన్నికలు జరిగి బలములు సమానమాయెను. 1987లో రెండవసారి గెలిచి, ఆ నవంబరులోనే కార్యాలయమున తన బల్లవద్దనే కుప్పకూలి మరణించెను. ఆ పోరాటమును చూచినవారిలో 1985లో చికాగోకు వచ్చిన యువకుడొకడు ఉండెను. అతడే తరువాత అధ్యక్షుడైన బరాకు ఒబామా. నేడు ఆ నగరపు ప్రధాన గ్రంథాలయమునకు హెరాల్డు వాషింగ్టను పేరే ఉన్నది.

చిత్రములు చూచువారికి డెంజెలు వాషింగ్టనును పరిచయము చేయనక్కరలేదు. ఈయన 1954లో పుట్టిన ఊరు న్యూయార్కు రాష్ట్రములోని మౌంటు వెర్నను. జార్జి వాషింగ్టను క్షేత్రము పేరే ఆ ఊరికి పెట్టిరి. ఈయనకు మొదటి ఆస్కారు బహుమానము తెచ్చిన ‘గ్లోరీ’ చిత్రములో ధరించిన పాత్ర, బానిసత్వమునుండి పారిపోయి వచ్చి అంతర్యుద్ధమున సైనికుడైన యువకుడు.

వర్జీనియాలోని అసలు మౌంటు వెర్ననులో జార్జి వాషింగ్టను సమాధిని చూచుటకు యేటేట లక్షలమంది పోవుదురు. దానికి కొద్ది దూరమున చెట్ల నడుమ బానిసలను పాతిపెట్టిన నేల ఉన్నది. సమాధులపై రాళ్లు లేవు, పేర్లు లేవు. 1929లో అచట ఒక చిన్న శిల నాటిరి. హెరాల్డు వాషింగ్టను చికాగోలో గెలిచిన 1983లోనే ఒక నల్లజాతి విశ్వవిద్యాలయపు విద్యార్థులు రూపకల్పన చేసిన స్మారకము అక్కడ వెలసెను. 2014 మొదలు పురావస్తు శాస్త్రజ్ఞులు ఆ నేలపై పలుచని మట్టిపొరను మాత్రము తొలగించి, ఎవరి నిద్రయు చెదరకుండ, ఒక్కొక్క సమాధి గుంట అంచును గుర్తించి లెక్క వ్రాయుచు వచ్చిరి.